కొత్త లాప్‌టాప్‌లో చిన్న లోపం: వుంచుకోవాలా, తిప్పి ఇవ్వాలా?

మన హాస్టలులో ఏటా జులై, ఆగస్టు నెలల్లో ఒక ప్రశ్న గదిగదికీ తిరుగుతూ వుంటుంది. ఎవరో ఒకరు కొత్త లాప్‌టాప్ కొని తెస్తారు. పదిమంది చుట్టూ చేరి పెట్టె విప్పుతారు. తీరా మూత తీసి చూస్తే తెర మీద ఆవగింజలో పదోవంతు నల్లటి చుక్క. లేదా మూత ఒక పక్క సరిగ్గా మూసుకోదు. లేదా ఒక మీట మిగతావాటికంటే గట్టిగా చప్పుడు చేస్తుంది. చూసినవాళ్ళు అక్కడికక్కడే రెండు పక్షాలుగా చీలిపోతారు. "ఇంత చిన్నదానికి ఎవడు తిరుగుతాడు, సర్దుకో" అనేది ఒక పక్షం. "పోసింది చిత్తుకాగితాలా? గోరంత లోపం కూడా వుండకూడదు, తీసుకెళ్ళి వాడి మొహాన పడెయ్" అనేది రెండో పక్షం.

రెండు మాటలూ ఆలోచించి అన్నవి కావని నా అభిప్రాయం. లోపం చిన్నదా పెద్దదా అన్నది కంటిచూపుతో తేలే సంగతి కాదు. కంటికి బాగా కనిపించే లోపం నాలుగేళ్ళు ఏ హానీ చెయ్యకుండా అలాగే వుండవచ్చు. కంటికి ఆననిది నాలుగు నెలల్లో యంత్రాన్ని మూలకు పడెయ్యవచ్చు. మనం సైన్సు విద్యార్థులం. ప్రయోగశాలలో కొలతకు ముందు దోషం ఎంతవరకు అనుమతించాలో రాసుకుంటాం. ఆ పద్ధతినే ఈ ప్రశ్నకు కూడా వర్తింపజేసి, సోదర విద్యార్థులు రేపు తమకు తాముగా నిర్ణయించుకోవడానికి వీలుగా నాలుగు ముక్కలు రాయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు లోపం అంటే ఏమిటి?

ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా వుండవు. ఒకే అచ్చులో పోసిన రెండు ఇటుకలను స్క్రూగేజీతో కొలిస్తే తేడా కనిపిస్తుంది. అందుకే ఫ్యాక్టరీలో గీసే ప్రతి బొమ్మలోనూ కొలత పక్కన "ఇంత ఎక్కువ, ఇంత తక్కువ వరకు ఫరవాలేదు" అని రాస్తారు. ఆ హద్దులో వున్నది తేడా. హద్దు దాటింది లోపం. ఈ రెంటికీ భేదం తెలియకపోవడం వల్లనే సగం గొడవలు వస్తాయి.

ఇది రైతు కుటుంబాల నుంచి వచ్చిన మనకు కొత్త విషయం కాదు. ధ్రువీకరించిన వరి విత్తనం సంచి కొంటాం. దానికి వుండవలసిన కనీస ప్రమాణాలు మొలక 80 శాతం, స్వచ్ఛత 98 శాతం. నూరు గింజలు గుడ్డలో కట్టి చూస్తే పదిహేను మొలవలేదనుకోండి, సంచి వెనక్కి ఇస్తామా? ఇవ్వం. ప్రమాణంలోనే వుంది కాబట్టి. నలభై మొలవకపోతే మాత్రం వూరుకోం. అంటే మనం లోపమే లేని విత్తనం అడగడం లేదు. ముందుగా ఒప్పుకున్న హద్దు దాటకూడదని అడుగుతున్నాం. లాప్‌టాప్ దగ్గర కూడా అడగవలసింది ఇదే.

వస్తువుల తనిఖీని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినవారిలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ ముఖ్యులు. వారి తనిఖీ పట్టికలు 1944లో పుస్తకంగా వెలువడ్డాయి. తనిఖీ శాస్త్రంలో లోపాలను మూడు తరగతులుగా విడదీస్తారు. మనిషికి ప్రమాదం తెచ్చేవి మొదటి తరగతి. వస్తువు చెయ్యవలసిన పనిని చెడగొట్టేవి రెండో తరగతి. పనికి అడ్డం రాకుండా తీరులో మాత్రమే తేడా చూపేవి మూడో తరగతి. మొదటి తరగతి లోపం ఒక్కటి కూడా సహించరు. మూడో తరగతివి కొద్దిగా వున్నా సరుకును తీసుకుంటారు. మనం కూడా పెట్టె విప్పగానే కనిపించినదాన్ని ముందు ఈ మూడు గంపల్లో ఏదో ఒకదాంట్లో వెయ్యాలి.

తెర మీద చుక్క

అన్నిటికంటే ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే గనుక ముందు దీన్నే లెక్క వేద్దాం.

మనం సాధారణంగా కొనే లాప్‌టాప్ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు వుంటాయి. వీటినే పిక్సెళ్ళు అంటారు. హెచ్చిస్తే 20,73,600. ఒక్కొక్క పిక్సెల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు వుపబిందువులు. అంటే మొత్తం 62,20,800. ప్రతి ఒక్కదాని వెనకా ఒక బుల్లి ట్రాన్సిస్టరు వుండి, వెలుతురును ఎంత వదలాలో నిర్ణయిస్తుంది. అది పనిచెయ్యకపోతే ఆ చోట ఎప్పుడూ నల్లగానో, ఎప్పుడూ వెలుగుతూనో, ఒకే రంగులోనో నిలిచిపోతుంది.

ఇప్పుడు సంభావ్యత లెక్క చూడండి. ఒక వుపబిందువు చెడిపోయే అవకాశం కోటికి ఒకటి అనుకుందాం. ఇది లెక్క కోసం వూహించిన అంకె మాత్రమే. కోటికి ఒకటి అంటే చాలా మంచి పనితనమే. అయినా ఒక తెరలో సగటున 0.62 చెడ్డ బిందువులు వస్తాయి. మన స్టాటిస్టిక్సు తరగతిలో చెప్పిన పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక్క చుక్కయినా లేని తెరలు నూటికి 54 మాత్రమే. మిగతా 46 తెరల్లో కనీసం ఒక చుక్క వుంటుంది. కోటికి ఒక్క తప్పు చేసే ఫ్యాక్టరీ నుంచి కూడా దాదాపు సగం తెరలు మచ్చతోనే వస్తాయన్నమాట! నిష్కళంకమైన తెరలు మాత్రమే అమ్మాలంటే మిగతావన్నీ పారవెయ్యాలి, ఆ ఖర్చు కొన్నవాళ్ళ మీదే పడుతుంది.

అందుకే దీనికి కూడా హద్దులు ఏర్పాటు చేశారు. 2001లో వెలువడిన ఐఎస్ఓ 13406-2 అనే అంతర్జాతీయ ప్రమాణం తెరలను తరగతులుగా విభజించింది. మొదటి తరగతి తెరలో ఒక్క చుక్క కూడా వుండకూడదు. రెండో తరగతిలో పది లక్షల పిక్సెళ్ళకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ నల్లగా వుండేవి 2, వుపబిందువుల లోపాలు 5 వరకు అనుమతించారు. ఆ లెక్కన మన తెరకు సుమారు నాలుగు, నాలుగు, పది. 2008లో ఐఎస్ఓ 9241 వరుసలోని కొత్త భాగాలు దాని స్థానంలోకి వచ్చాయి. కంపెనీలు ఎన్ని చుక్కలుంటే తెర మారుస్తాయో తమ వారంటీ షరతుల్లో రాసుకుంటాయి. కాబట్టి కొనేముందే ఆ అంకె చదవాలి. "చుక్క వుంది, మార్చండి" అని వెళితే ఆ కాగితం చూపించి పంపేస్తారు.

అయితే అన్ని చుక్కలూ ఒకటి కావు. నల్లచుక్క అక్షరాల మధ్య కలిసిపోతుంది. ఎప్పుడూ వెలిగే చుక్క చీకట్లో కన్నును గుచ్చుతూ వుంటుంది. తెర మూలన వున్నది వారంలో మరిచిపోతాం. మధ్యలో వున్నది సూక్ష్మదర్శిని ఫోటోల మీద పనిచేసేవారికి పెద్ద ఇబ్బంది. పరీక్ష సులభం. తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒకదాని తర్వాత ఒకటి నింపి, గదిలో దీపం ఆర్పి చూడాలి.

ఇంకొకటి, చీకట్లో తెర అంచుల వెంట పాలిపోయిన వెలుతురు కనిపిస్తుంది. ద్రవస్ఫటికాలు తమంత తాము వెలగవు. వెనక దీపం వుంటుంది, స్ఫటికాలు దాన్ని అడ్డుకుంటాయి. పూర్తిగా అడ్డుకోలేవు. కాబట్టి ఇది కొంతవరకు ఆ జాతి తెరలన్నిటికీ వుండే గుణం. మార్చి తెచ్చుకున్నా మళ్ళీ అదే వస్తుంది. ఏది యంత్రం లోపమో, ఏది మోడలు గుణమో తెలుసుకోవాలంటే పక్క గదిలోనో, దుకాణంలోనో అదే మోడలు ఇంకొకటి పెట్టి పోల్చడమే మార్గం. మన ప్రయోగాల్లో కంట్రోలు పెట్టుకున్నట్టే ఇదీను.

నిలిచే లోపం, పెరిగే లోపం

మా వూళ్ళో పెద్దవాళ్ళు సంతలో ఎద్దును కొనేటప్పుడు సుడులు చూస్తారు, కొమ్ముల వంకర చూస్తారు. అవి బాగాలేకపోతే ధర దగ్గర పేచీ పెడతారు. అయితే పళ్ళు పట్టి చూడకుండా, నాలుగడుగులు నడిపించకుండా, కాడి కట్టకుండా మాత్రం బయానా ఇవ్వరు. కొమ్ము వంకర రేపటికి పెరగదు. కాలు ఈడ్చేది మాత్రం దుక్కికి పెడితే పెరుగుతుంది. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తానికి కీలకమైన భేదం ఇదే.

చుక్క, గీత, రంగులో తేడా సాధారణంగా నిలిచే లోపాలు. మూత కీలు బిగుతుగా పట్టేసి వుండటం పెరిగే లోపం. మూత తీసిన ప్రతిసారీ ఆ బలం ప్లాస్టిక్కు మీద పడి, చివరికి మరలు నాటిన చోటు పగులుతుంది. చార్జరు పిన్ను వదులుగా వుండటం ఇంకా చెడ్డది. లెక్క చూడండి. 65 వాట్ల చార్జరు 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు పంపుతుంది. స్పర్శ సరిగా లేక అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకుంటే, విద్యుత్ వర్గాన్ని నిరోధంతో హెచ్చించగా 1.06 వాట్ల వేడి పుడుతుంది. అదంతా బియ్యపుగింజంత పిన్ను మీద. వేడికి లోహం ఆక్సీకరణం చెందుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అనే మాట చెప్పుల విషయంలో నిజం కావచ్చు గాని పిన్నుల విషయంలో కాదు.

బ్యాటరీ సంగతి వేరే చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో మార్కెట్లోకి వచ్చాయి. వాటిని అభివృద్ధి చేసినందుకు గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బ్యాటరీ లోపల ద్రావణం విచ్ఛిన్నమైతే వాయువులు పుట్టి పొర వుబ్బుతుంది. కొత్త యంత్రంలో ఇది అరుదు. కాని అడుగుభాగం బల్ల మీద ఆనకుండా వూగుతున్నా, వేలితో కదిపే పలక పైకి లేచినా అనుమానించాలి. ఇది మొదటి తరగతి లోపం. చార్జింగు ఆపి, వాడకం మాని, వెంటనే ఇచ్చెయ్యాలి. వుబ్బును నొక్కడం, గుచ్చడం వంటి ప్రయోగాలు చెయ్యకూడదు. మామూలుగా అయితే విండోస్‌లో బ్యాటరీ నివేదిక తీసి, తయారీ సామర్థ్యాన్నీ ఇప్పుడు నిండుతున్న సామర్థ్యాన్నీ పోల్చి చూస్తే చాలు. రెండు మూడు శాతం తేడా తేడాయే, లోపం కాదు. నాలుగోవంతు తక్కువ వుంటే అది కొత్త బ్యాటరీయేనా అని అడగాలి.

యంత్రాలు ఎప్పుడు చెడిపోతాయో గీసిన ఒక రేఖ ఇంజనీరింగు పుస్తకాల్లో వుంటుంది. స్నానాల తొట్టి ఆకారంలో వుంటుంది గనుక దానికి ఆ పేరే పెట్టారు. మొదట్లో చెడిపోయేవి ఎక్కువ, తర్వాత చాలాకాలం తక్కువ, చివరలో అరుగుదల వల్ల మళ్ళీ ఎక్కువ. తయారీలో దాగిన లోపాలు ఆ మొదటి భాగంలోనే బయటపడతాయి. దీన్నిబట్టి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. కొత్త లాప్‌టాప్‌ను దేవుడి పటంలా దాచుకోకూడదు. తిప్పి ఇచ్చే గడువు కొన్నిచోట్ల 7 రోజులు, కొన్నిచోట్ల 10 రోజులు వుంటుంది. ఆ గడువులోనే దాన్ని గట్టిగా పనిచేయించాలి. ప్రతి మీటా నొక్కాలి. ప్రతి రంధ్రంలోనూ పెన్‌డ్రైవు పెట్టాలి. కెమెరా, మైకు, స్పీకరు, వైఫై చూడాలి. ఒకసారి బ్యాటరీ పూర్తిగా నింపి, తీగ తీసేసి, ఎంతసేపు నిలుస్తుందో రాసుకోవాలి. ఒక గంటపాటు బరువైన పని ఇచ్చి వేడి, ఫ్యాను చప్పుడు గమనించాలి. బిల్లులో రాసిన ర్యాము, డిస్కు పరిమాణం యంత్రంలో కనిపించేదానితో సరిపోతున్నాయా చూడాలి. ఇవి సరిపోకపోతే అసలు చిన్న పెద్ద అనే చర్చే లేదు. ఒకటి చెప్పి ఇంకొకటి ఇచ్చినట్టే.

చట్టం ఏమంటోంది?

మనలో చాలామంది డెలివరీ కుర్రాడి దగ్గర సంతకం పెట్టగానే సరుకు మనదైపోయిందనుకుంటారు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం అలా అనదు. 41వ సెక్షను ప్రకారం, ముందుగా చూడని సరుకును పరీక్షించడానికి తగిన అవకాశం దొరికేవరకు కొన్నవాడు దాన్ని అంగీకరించినట్టు కాదు. 42వ సెక్షను అంగీకారం ఎప్పుడు పూర్తవుతుందో చెబుతుంది. బాగుందని చెప్పినప్పుడు, సొంతదారుడిలా ఏదైనా చేసినప్పుడు, లేదా వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర వుంచుకున్నప్పుడు. ఈ మూడోది బాగా గుర్తుంచుకోవాలి. నోరు మూసుకుని కూర్చోవడం కూడా చట్టం దృష్టిలో ఒక సమాధానమే. అంగీకరించిన తర్వాత కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. సరుకును తిరస్కరించే హక్కు పోతుంది గాని, లోపానికి తగినంత ధర తగ్గించమనో, నష్టపరిహారం ఇవ్వమనో అడిగే హక్కు 59వ సెక్షను కింద మిగిలే వుంటుంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో, అమ్మినవాడు చెప్పినదాని ప్రకారమో వుండవలసిన నాణ్యత, పరిమాణం, ప్రమాణం వీటిలో ఏ కొరత వున్నా దాన్ని లోపమనే ఈ చట్టం పిలుస్తుంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల, వెనక్కి తీసుకోనని నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు అడుగున "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని అచ్చువేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో ఆ ముక్క చట్టాన్ని కొట్టెయ్యలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. అప్పటికీ వినకపోతే జిల్లా కమిషను వుంది. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. మనం వుంటున్న జిల్లాలోనే వెయ్యవచ్చు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. రెండేళ్ళలోపు వెయ్యాలి.

దారులు రెండు కాదు, నాలుగు

వుంచుకోవడం, తిప్పి ఇవ్వడం అని రెండే దారులున్నట్టు మాట్లాడుకోవడం వల్ల ప్రశ్న కష్టంగా కనిపిస్తుంది. నిజానికి నాలుగున్నాయి.

ఒకటి, ఏమీ అనకుండా వుంచుకోవడం. రెండు, వుంచుకుంటూనే లోపాన్ని గడువులోపల రాతపూర్వకంగా తెలియజెయ్యడం. రేపు ఆ లోపం పెరిగితే "మీరే పాడుచేశారు" అనే మాట రాకుండా ఇది కాపాడుతుంది. మూడు, ధర తగ్గించమనో, ఆ భాగం మాత్రం మార్చమనో అడగడం. నాలుగు, యంత్రాన్నే మార్చమనడం లేదా డబ్బు వెనక్కి అడగడం.

మూడో దారిని మనవాళ్ళు అడగడానికే సిగ్గుపడతారు. ఇది నాకు వింతగా తోస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో మన బస్తాకు జరిగేది ఏమిటి? తేమ మిషను 17 శాతం దాటి చూపితే ఆరబెట్టుకు రమ్మంటారు. పాలుపోసుకోని, ముడుచుకున్న గింజ 3 శాతం దాటకూడదంటారు. తాలు అనో, మట్టి అనో తరుగు తీస్తారు. ఆ తరుగు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అమ్మేటప్పుడు ప్రతి గింజకూ లెక్క చెప్పవలసిన ఇంటివాళ్ళం, కొనేటప్పుడు మాత్రం "పోనీలే" అంటాం. పెద్ద అద్దాల దుకాణంలోకి వెళ్ళగానే మన గొంతు తగ్గిపోతుంది.

నా లాప్‌టాప్ విషయంలో ఈ పద్ధతి ఎలా పనిచేసిందో చెబుతాను. గత ఆగస్టులో పట్నంలోని ఒక దుకాణంలో 45,000 రూపాయలకు కొన్నాం. 2025-26 సీజనుకు ఎ గ్రేడు వరి మద్దతు ధర క్వింటాలుకు 2389 రూపాయలు. ఆ లెక్కన అది 75 కిలోల బస్తాలు 25. ఇంచుమించు ఒక ఎకరం పంట. పెట్టుబడి తీసిన మిగులు కాదు, మొత్తం పంట. అందుచేత దాన్ని శ్రద్ధగా పరీక్షించడం నా బాధ్యత అనుకున్నాను. నాలుగు కనిపించాయి. కుడి అడుగుమూలన ఒక నల్లచుక్క. మూతకు ఒక పక్క కాగితం పట్టేంత ఎక్కువ సందు. చీకట్లో అంచున వెలుతురు. చార్జరు పిన్నును కాస్త కదిపితే చార్జింగు దీపం ఆరిపోవడం.

మొదటిది నిలిచే లోపం, కంపెనీ హద్దులోనే వుంది. మూడోది అదే మోడలు వున్న మా క్లాసువాడి యంత్రంలోనూ వుంది, అంటే మోడలు గుణం. రెండోది చూపుకే. ఈ మూడూ కలిపినా నేను తిప్పి ఇచ్చేవాణ్ణి కాదు. నాలుగోది ఒక్కటే ఐనా ఇవ్వవలసిందే. చార్జరుదా, యంత్రానిదా అని తేల్చడానికి అదే రకం ఇంకో చార్జరు పెట్టి చూశాను. అప్పుడూ ఆరింది. కాబట్టి తప్పు యంత్రం వైపుది.

"తిప్పి ఇస్తే తీసుకుంటారంటావా? మళ్ళీ బస్సు చార్జీలు దండగేమోరా" అన్నారు నాన్న. "తీసుకోకపోతే ఎందుకు తీసుకోరో కాగితం మీద రాసిమ్మందాం నాన్నా" అన్నాను. దుకాణంలో మొదట "చిన్న విషయమే తమ్ముడూ, వాడగా సర్దుకుంటుంది, లేకపోతే సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళు" అన్నారు. నేను వాదించలేదు. తెచ్చుకున్న కాగితం ఇచ్చాను. అందులో ఐదే ముక్కలున్నాయి: బిల్లు నంబరూ తేదీ, యంత్రం సీరియల్ నంబరు, లోపం ఏమిటి, ఎలా పరీక్షించాను, నేను కోరేదేమిటి. పిన్ను కదిపినప్పుడు దీపం ఆరే వీడియో ఫోనులో చూపించాను. కాపీ మీద అందినట్టు సంతకం అడిగాను. ఆరో రోజున వేరే యంత్రం ఇచ్చారు. దానిలో చుక్క లేదు, అంచున వెలుతురు వుంది, పిన్ను గట్టిగా వుంది. వుంచుకున్నాను.

తిప్పి ఇవ్వడానికీ ఖర్చుంది

తిప్పి ఇవ్వడం వూరికే రాదు. రాకపోకల చార్జీలు, యంత్రం లేని రోజులు, ఆ రోజుల్లో ఆగిపోయే రికార్డు పని, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ప్రాక్టికల్సు వారం ముందుంటే చిన్న లోపాన్ని రాతపూర్వకంగా తెలియజేసి వాడుకోవడమే మేలు. పైగా మారుగా వచ్చేది కూడా అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంకొక నమూనాయే. ఇప్పుడున్న ఒక్క నల్లచుక్కను వదిలి రెండు వెలిగే చుక్కలను తెచ్చుకునే అవకాశమూ వుంది. అందుచేత మూడో తరగతి లోపానికి యంత్రం మార్చడం లాభం లేని జూదం. రెండో తరగతి లోపానికి మార్చడం లెక్క తెలిసినవాడి పని.

నీతి కూడా ఒకటుంది. వారం రోజులు ప్రాజెక్టుకు వాడుకుని, పని అయిపోయాక గీత పడిందని వంకపెట్టి తిప్పి ఇచ్చేవాళ్ళను చూస్తున్నాం. అది హక్కు కాదు, మోసం. ఆ ఖర్చు తర్వాత కొనే బీదవాడి బిల్లులో కలుస్తుంది. నిజంగా లోపమున్నవాడు వెళ్ళినప్పుడు దుకాణదారు అనుమానంగా చూడటానికి కూడా వీళ్ళే కారణం.

ఇంతవరకు చెప్పినదాన్ని వరుసగా ఐదు ప్రశ్నలుగా కూర్చుకోవచ్చు. ఒకటి, దీనివల్ల నిప్పుకో, ఒంటికో ప్రమాదముందా? వుంటే ఆ క్షణమే ఆపి ఇచ్చెయ్యాలి. రెండు, బిల్లులో రాసినదానికి తేడా వుందా? వుంటే ఇచ్చెయ్యాలి. మూడు, నా రోజువారీ పనికి అడ్డం వస్తుందా? వస్తే మార్చమనాలి. నాలుగు, ఇది పెరిగే లోపమా? ఐతే గడువు దాటకుండా మార్చమనాలి. ఐదు, ఇదే మోడలు అన్నిటిలోనూ వుందా? వుంటే మార్చినా లాభం లేదు. ఆ గుణంతో బతకగలిగితే వుంచుకోవాలి, లేకపోతే డబ్బు వెనక్కి అడిగి వేరే మోడలు కొనాలి. ఈ ఐదింటికీ "లేదు, కాదు" అని సమాధానం వస్తే తేదీ వేసి ఒక ఉత్తరం రాసి పడేసి, హాయిగా చదువుకోవచ్చు.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఏటా కొత్త విద్యార్థులు చేరే నెలలో ఒక శనివారం సాయంత్రం సంఘం గదిలో నాలుగు బల్లలు వేసి, కొత్తగా కొన్న యంత్రాలను పరీక్షించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. ఐదు రంగుల తెర పరీక్ష, బ్యాటరీ నివేదిక, పిన్నుల పరీక్ష కలిపి ఒక్కొక్కదానికి అరగంట పడుతుంది. ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు విద్యార్థులు ముందుకొస్తే చాలు. పక్కన తెలుగులో రాసిన ఉత్తరం నమూనా ఒకటి పెట్టాలి. మొదటిసారి పట్నం వచ్చి, ఇంట్లోవాళ్ళు అప్పు తెచ్చి కొనిచ్చిన వస్తువులో లోపం చూసి ఎవరినడగాలో తెలియక వూరుకున్న విద్యార్థులకు అది ఎంతో వుపకారం. పరీక్షించే బల్ల దగ్గర మొదటి సాయంత్రం నిలబడటానికి నేను సిద్ధంగా వున్నాను.